గచ్చు మీద టెన్నిస్

సుల్తానాబాద్ రైస్‌మిల్లు యజమాని దయాకర్‌రావు టెన్నిస్ జట్టు పెట్టిన తొలి ఏడు, అంటే ఎనభై నాలుగులో, మూడో స్థానం వచ్చిందని బజారులో బ్యానరు కట్టించాడు. పోటీలో ఉన్నవే మూడు జట్లు. మిగతా రెండూ మందమర్రి, కాగజ్‌నగర్. ఆడినందుకు బియ్యం ఇస్తున్నాడు కాబట్టి తనది ప్రొఫెషనల్ జట్టని ఆయన నమ్మకం.

రెండో ఏడు ఆయన తల్లి లీలాబాయి అడ్డం తిరిగింది. కోర్టు గీసింది వడ్లు ఎండబోసే గచ్చు మీద.

"ఆఖరాట గూడ ఓడితే గా నెట్టు పీకిచ్చి గచ్చు నిండ వడ్లు పోపిస్త. మళ్ల టెన్నిస్ ముచ్చట నా చెవుల పడద్దు" అంది.

ఆ మాటకు కొడుకు కన్నా ఎక్కువ దిగులుపడింది నర్మద. మందమర్రి క్లబ్బులో కోర్టు చూసుకునే తన బాపు దగ్గర ఆట నేర్చిన మనిషి. పెళ్లయ్యాక రాకెట్టు అటకెక్కింది. ఆడా మగా జోడీ ఉండి తీరాలన్న నియమం పుణ్యమా అని మళ్లీ కిందికి దిగింది. మిల్లులో ఫిట్టరుగా చేసే మొగుడు కైలాసానికి తనే ఆట నేర్పింది. మధ్యకు బంతి వస్తే "నాది" అనో "నీది" అనో అరవాలి. సాధనలో ఎన్నడూ తడబడలేదు.

మందమర్రితో ఆఖరాట నాడు అత్త భూమవ్వ వచ్చి లీలాబాయి కుర్చీ పక్కన చాప పరుచుకుంది. అత్త ముందు మొగుణ్ణి నువ్వనే అలవాటు నర్మదకు లేదు.

మధ్యకు బంతి వచ్చింది. "మీది" అంది నర్మద.

కైలాసం ఆకాశంలోకి చూశాడు. బంతి అతని కాళ్ల పక్క నుంచి పోయింది.

"మీద ఏం లేదు గదనే. రెండు కాకులున్నయి" అన్నాడు.

"మీది అంటే... మీ బంతి అని" అంది నర్మద పళ్లబిగువున.

ఈసారి "ఇగో, ఏమయ్యా" అని చూసింది. అతను ఏమిటన్నట్టు ఆమె దగ్గరికే నడిచొచ్చాడు. మందమర్రి వాళ్లు నవ్వలేక కూలబడ్డారు. లీలాబాయి మాత్రం మిల్లు వైపు తిరిగి, బస్తాలు సిద్ధం చేయమని హమాలీ ముత్యానికి చేయి ఊపింది.

అన్ని ఆటల గేములూ కలిపితే రెండు జట్లూ సమానం. ఇంకొక్క పాయింటుతో తేలిపోతుంది. నవ్వు ఆపుకోలేని మందమర్రి పిల్ల కొట్టిన బంతి రాకెట్టు అంచుకు తగిలి మిల్లు గొట్టమంత ఎత్తుకు లేచింది.

"మీది, మీది" అంది నర్మద.

కైలాసానికి ఇప్పుడు పాఠం వచ్చేసింది. మీదంటే మీద కాదు. నడుం వంచి, తన కాళ్ల చుట్టూ బంతి కోసం వెతకసాగాడు.

"ఓ మొద్దు మొగడా, నువ్వు మీదికి చూడు"

మిల్లంతా వినపడింది. కైలాసం తలెత్తాడు, కొట్టాడు. బంతి అవతలి గచ్చు మీద పడి ఊక కుప్పలో దూరింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ భూమవ్వ వైపే చూస్తున్నారు. నర్మదకు గెలిచిన సంగతే తోచలేదు.

భూమవ్వ చాప దులుపుకుంటూ లేచింది.

"వీని బాపు గూడ గంతే దొరసానీ. మీరు అంటే సమజే గాకపోయేది."

లీలాబాయి కొంగుతో నోరు మూసుకుని, ముత్యాన్ని పిలిచి వడ్లు రోడ్డు మీద పోయమంది.

ఇంటికొచ్చాక నర్మద ఎందుకైనా మంచిదని అత్త ముందు మళ్లీ మర్యాదకే దిగింది. మొగుడి ముందు కంచం పెట్టి, "ఇగో, మీది" అంది.

కైలాసం వాసాల వైపు చూశాడు.

"నువ్వనే అను బిడ్డా" అంది భూమవ్వ, ముద్ద కలుపుకుంటూనే. "అన్నం సల్లారుతది."