వాకిలున్న నత్త

కృష్ణలంకలో బసవయ్య సున్నపు బట్టీకి గుల్ల దివిసీమ నుంచి పడవల్లో వచ్చేది. బట్టీలో పోసేముందు దాన్ని ఏరడం శౌరమ్మ పని. ఆల్చిప్పలతో పేచీ లేదు, నోరు తెరుచుకునే ఉంటాయి. మడ అడవి బురదలో పెరిగే పొడుగు నత్తకే వాకిలీ, దానికో మూతా ఉంటాయి. అందుకని ఆ గుల్లను వేలితో తట్టి, "ఎవరండీ లోపల?" అని అడగడం బట్టీ ఆనవాయితీ.

డెబ్భై ఏడు ఉప్పెనలో కొట్టుకుపోయినవాళ్ళు ఆ నత్తల్లోనే సర్దుకున్నారు. పలికినవాళ్ళని బంధువులొచ్చి తీసుకెళ్ళేవారు. పక్కవీధి రాజ్యలక్ష్మిగారి మావగారు అలాగే దొరికాడు. గుల్లలో ఉండి కూడా కాఫీ చల్లారిందని సణుగుతాడట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, పాపం ఆయనకి పుడకలు కూడా దక్కలేదు మరి.

శౌరమ్మ వెతికేది ఆరేళ్ళ కూతురు అమల కోసం. ఏడాదిగా పడవ వెనక పడవగా వచ్చిన నత్తలన్నీ తడుతూనే ఉంది. వేలి కణుపులు కాయలు కాశాయి గానీ పిల్ల పలకలేదు.

క్రిస్మస్‌కి చర్చికి వెల్ల వేయించాలని సున్నం కోసం తొందర చేశారు.

"ఇంకెంతసేపమ్మా?" అన్నాడు బసవయ్య.

"ఈ తట్ట ఒక్కటేనండీ."

ఒక్కదాన్నీ వదలకుండా తట్టింది, అడిగింది. ఎవరూ పలకలేదు. తట్ట బట్టీలో పోశారు.

మూడో రోజు పొద్దున్న కాలిన గుల్ల మీద నీళ్ళు చల్లింది. సున్నం బుసబుసా పొంగింది. ఆ పొంగులోంచి చిన్న గొంతు వినబడింది.

"అమ్మా, ఇప్పుడు పలకొచ్చా?"

శౌరమ్మకి తన మాటే గుర్తొచ్చింది. పనికి పోతూ రోజూ తనే చెప్పేది: ఎవరు తలుపు తట్టినా పలక్కు, నేను పేరుపెట్టి పిలిస్తేనే పలుకు. పిల్ల తల్లి గొంతు గుర్తుపట్టినా, పేరు వినబడేదాకా ఓర్చుకుంది. నిప్పులో కూడా ఓర్చుకుంది.

"పలుకమ్మా, అమలా, పలుకు!" అంటూ ఉడుకు సున్నంలో చేతులు పెట్టేసింది. బసవయ్య వెనక్కి లాగాడు. అప్పటికే పొంగు అణిగిపోయింది.

ఆ సున్నం చర్చి గోడలకి వెళ్ళింది. చేతులు మానాక శౌరమ్మ మళ్ళీ పనిలోకొచ్చింది. మొదటి నత్తని తట్టి, "అమలా" అని పిలిచింది.

"నేనేనమ్మా" అంది లోపల్నుంచి ఓ ముసలి గొంతు, వణుకుతూ.

కాదని ఆమెకి తెలుసు. పాపం, ఎవరూ వెతుక్కుంటూ రాని మనిషి ఎవరో.

"పద, ఇంటికెళదాం" అని కొంగున కట్టుకుంది.