కల్లంలో ఖండాల కప్పు

మిరపకాయ ఎండే రోజుల్లో కల్లం అడగడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది? మా ఊరి కుర్రాళ్ళకు వచ్చింది. ఏ మొహం పెట్టుకుని వచ్చార్రా అని చీపురు చేత్తో పట్టుకునే అడిగాను. వాళ్ళు నవ్వుతూ ఓ పేపరు ముక్క చూపించారు. పోయినేడు ఐరోపా ఖండంలో గెలిచిన క్లబ్బూ, దక్షిణ అమెరికా ఖండంలో గెలిచిన క్లబ్బూ ఫుట్‌బాల్ ఆడి, లోకంలో ఎవరు గొప్పో తేల్చుకున్నాయట. ఈ ఏడు మళ్ళీ ఆడబోతున్నాయట. అయితే నా మిరపకాయలకేంటి అన్నాను.

సంగతేమంటే, గుండ్లకమ్మ ఏటికి ఇవతల ఊళ్ళన్నిటి మీదా మా ఊరి జట్టు గెలిచింది. అవతల దర్శి వాళ్ళు గెలిచారు. ఏరు దాటితే వేరే ఖండమేనని ఎవడో అన్నాడు. అంతే, ఈ రెండు జట్ల ఆటకూ ఖండాల కప్పు అని పేరు పెట్టేసుకున్నారు. ఆడటానికి చోటు మాత్రం లేదు. మాది నల్లరేగడి. మాఘం దాటిందంటే చేలన్నీ కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుతాయి. చదునుగా ఉండేది మా మామగారు తొక్కించిన ఎకరం పైచిలుకు కల్లం ఒక్కటే.

పొండి పొమ్మన్నాను. కోసుకొచ్చిన పండుకాయ ఒక్కరోజు ఎండ తప్పి కుప్పలో ఉన్నా ఉడుకెత్తి తెల్లబడుతుంది. తెల్లబడిన కాయను గుంటూరు మార్కెట్లో తాలుకాయ అని పక్కకు నెట్టేస్తారు. మా ఆయన యలమందయ్య ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు.

అసలు సంగతి వాళ్ళు వెళ్ళాక తెలిసింది. మా తమ్ముడు బుల్లయ్య ఆ జట్టుకు గోలు కాసే గోలీ. అమ్మానాన్నా పోయిన దగ్గర్నుంచి వాణ్ణి నేనే పెంచాను. వాడు నాగలి పడితే సాలు వంకర పోతుంది గానీ, బంతి మాత్రం వాడి చేతుల్లోంచి జారదు. ఈ ఆట చూడటానికి గుంటూరు నుంచి ఓ పొగాకు కంపెనీ ఆయన వస్తున్నాడట. తమ జట్టుకు ఒక్కణ్ణి ఎంచుకుని, ఉద్యోగం కూడా ఇస్తాడట. బావ ఇంట్లో కూర్చుని తింటున్నాడనే మాట వాణ్ణి ఎంత కోస్తుందో నాకు తెలుసు. అంత అవసరమైతే నోరు తెరిచి అడగొచ్చు కదా, మొద్దు వెధవ! వాడు అడగలేదు. వంచిన నడుం ఎత్తకుండా కాయ తిరగేస్తున్నాడు.

"ఏరా, నీ ఆటేనంట గదా?"

"కాయ తెల్లబడుద్ది గదక్కా. వద్దులే."

ఆ మాటతో నా కోపం నీరుగారిపోయింది. తెల్లబడితే తెల్లబడనీ, ఆదివారం కల్లం నీదే, గెలవకపోయావో నీ సంగతి చెప్తాను అన్నాను.

శనివారం సాయంత్రం, రోజూ మంచుకు కప్పినట్టే, కాయను ఓ పక్కకు కుప్ప చేసి తాటాకు చాపలు కప్పాం. తెల్లారి ఇంటిల్లిపాదీ చీపుర్లు పట్టి ఊడ్చాం. నీళ్ళు మాత్రం చల్లలేదు. ఆఖరి కాయ బస్తాకెక్కేదాకా కల్లంలో తడిచెయ్యి విదిలించడం కూడా మాకు లేదు. ఆ కారం దుమ్ములో పుట్టి పెరిగిన ముక్కులకు ఘాటు ఏం తెలుస్తుంది? శుభ్రంగా ఉందనుకున్నాం. దర్శి వాళ్ళవి జొన్నా కందీ పండే చేలని, వాళ్ళకు ఈ ఘాటు అలవాటు లేదని మా ఊళ్ళో ఒక్కరికీ తట్టలేదు.

సరుగుడు కర్రలు పాతి ఆట మొదలుపెట్టారు. కంపెనీ ఆయన మా నులకమంచం మీద కూర్చున్నాడు. దర్శి వాళ్ళు ఊరికే తుమ్ముతుంటే మావాళ్ళు నవ్వారు. బుల్లయ్య అటు దూకి, ఇటు దూకి, వచ్చిన బంతినల్లా పట్టేస్తున్నాడు. వాడు పట్టినప్పుడల్లా కంపెనీ ఆయన తల ఊపడం చూసి నా కడుపు నిండిపోయింది. పొద్దు వాలినా ఎవరికీ ఒక్క గోలు పడలేదు.

అప్పుడు దర్శి జట్టులో అందరికన్నా చురుకైన మాబు సాహెబ్ బంతితో ఒక్కడే మా గోలు మీదికి వచ్చాడు. తన్నబోతూ కాలు జారి బోర్లా పడ్డాడు. మొహమంతా కల్లంలోనే. లేచాడు గానీ కళ్ళు తెరవలేక కేక పెట్టాడు. అరచేతుల నిండా కారం దుమ్ము. ఆ చేతులే కళ్ళ మీదికి ఎత్తాడు. అతని కాలు తగిలిన బంతి మెల్లగా దొర్లుకుంటూ వస్తోంది. బుల్లయ్య ఒక్క కాలు చాపితే ఆగిపోయేదే.

వాడు బంతిని వదిలేసి ముందుకు పరుగెత్తాడు. మాబు సాహెబ్ మణికట్లు రెండూ ఒడిసి పట్టుకున్నాడు.

"రుద్దబాక! రుద్దితే కళ్ళు పోతయ్. నీళ్ళు కారనీ, అయ్యే చల్లబడతయ్."

వాడి వెనక బంతి గీత దాటింది. రెఫరీ ఈల ఊదాడు.

నేను పాలలో ముంచిన గుడ్డ తీసుకుని పరుగెత్తాను. మాబు సాహెబ్ కళ్ళు తెరిచేసరికి చాలా సేపు పట్టింది. ఆట ఆ ఒక్క గోలుతోనే ముగిసింది. కంపెనీ ఆయన మాబు సాహెబ్‌ను రమ్మన్నాడు. నేను ఊరుకుంటానా? ఏమయ్యా, కారం పడింది అతని కళ్ళలోనా, నీ కళ్ళలోనా అని మీదికి వెళ్ళాను. ఆయన కోప్పడలేదు. నీ తమ్ముడు మంచివాడే, కానీ గోలీ బంతిని వదిలేస్తే మావాళ్ళకు నేనేం చెప్పుకోనమ్మా అని, బస్సు వేళైందని లేచాడు. మాబు సాహెబ్ ఎర్రటి కళ్ళతో బుల్లయ్య చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే కుప్ప తీశాం. అడుగు కాయ అక్కడక్కడ తెల్లబడింది. యలమందయ్య దాన్నీ చూశాడు, బుల్లయ్యనూ చూశాడు, గంప అందుకుని పనిలోకి దిగాడు. బుల్లయ్య ఏమీ ఎరగనట్టే కాయ పరుస్తున్నాడు. నేను ఓదార్చబోతే, ఆ మనిషి కళ్ళు పోయుంటే కప్పు ఏం చేసుకుంటామక్కా అన్నాడు. నిజమే. నిజమైతే మాత్రం బాధ ఉండదా?

కాసేపటికి చూద్దును గదా, వాడు నడుం ఎత్తి, కాయ పరుస్తున్న చేతులతోనే కళ్ళు తుడుచుకోబోతున్నాడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి వాడు ఆ పని చెయ్యడం నేను చూడలేదు. పరుగున వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను.

"రుద్దబాక రా. కారనీ" అన్నాను.

వాడి కళ్ళు కారినంతసేపూ ఆ చేతులు వదల్లేదు.