తలుపు అవతలి ఆయన

సాయంత్రం కుట్టుమిషనుకి మూత పెట్టి, దుకాణానికి తాళం వేసి, అత్త నేరుగా నాటకాల హాలుకి వచ్చేది. రాగానే గ్లాసుడు టీ పట్టుకెళ్ళి స్టేజీ మీద కుడివైపు తలుపు దగ్గర పెట్టేది. తర్వాత మొదటి వరసలో కూర్చుని వేషాల బట్టలకు అంచులు కుట్టుకునేది. కాసేపటికి గ్లాసు ఖాళీ అయ్యేది.

ఆ తలుపు వెనక మూరెడు జాగా, ఆపైన గోడ. ఇటునుంచి తెరిస్తే సున్నం తప్ప ఏమీ కనపడదు. మూస్తే మాత్రం అవతల ఒక మనిషి గొంతు సవరించుకుంటాడు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేస్తారు, అక్కడ ఆయన ఉన్నాడు, తలుపు ధడేలున వెయ్యకండి అని. రాజుగారి కోటైనా రైలుపెట్టైనా, ఏ నాటకంలోనైనా ఆ తలుపు అక్కడ ఉండాల్సిందే.

ఆ హాల్లో మొట్టమొదటి నాటకం వేసేనాటికి ఊళ్ళోవాళ్ళెవరికీ నాటకం రాదు. వడ్రంగి పెళ్ళికూతురి తండ్రిగా వేషం కట్టాడు. ఊళ్ళో ఉత్తరాలు పంచే ఆయనకి పోస్టుమాన్ పాత్రే ఇచ్చారు, ఒక జత బట్టలు కుట్టే పని తప్పుతుందని. వాళ్ళు నేర్చుకున్న నియమం ఒక్కటే: ముందువాడి మాట పడందే నీ మాట అనకూడదు, స్టేజీ మీద కాలు పెట్టకూడదు. హీరో గడియారాలు బాగుచేసే కుర్రాడు. ఆ నియమం అతనికి వేదం. "మంచినీళ్ళు తెస్తా, ఇక్కడే ఉండు" అని హీరోయిన్‌తో చెప్పి ఆ తలుపులోంచి వెళ్ళాడు. హీరోయిన్ అత్తే. ఆ మధ్యాహ్నమే రిహార్సల్లో అతను గోళ్ళు కొరుక్కుంటూ, నాటకం అయ్యాక నీతో ఒక మాట ఉంది అన్నాడు.

పక్కనుంచి మాటలు అందించే బాబాయి కంగారులో రెండు పేజీలు కలిపి తిప్పేశాడు. తర్వాతి సీనులో కొత్త దంపతుల్ని అందరూ దీవించాలి. సరే, ఖాళీ కుర్చీని దీవించారు. జనం ఈలలు వేసి మరీ మెచ్చుకున్నారు. గడియారాల కుర్రాడికి అందాల్సిన మాట మాత్రం ఆ రెండు పేజీల్లోనే ఉండిపోయింది. అందలేదు కాబట్టి అతను రాలేదు. అప్పట్నుంచి బాబాయి రెండు పేజీల బాబాయి అయ్యాడు. అలా పిలిస్తే పలుకుతాడు కూడా.

ఆ తర్వాతైనా ఆ సీను వేసేవాళ్ళే. కానీ ఆ వారంలోనే పోస్టుమాన్‌కి దూరం బదిలీ అయింది, నాటకం ప్రతిని చెదలు తినేశాయి. అతన్ని పిలిచే ఆ సీనులో మొదటి మాట వడ్రంగిది, మధ్య మాట పోస్టుమాన్‌ది; మధ్య మాట లేకుండా చివరి మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరి మాట అత్తది.

మొదట్లో ఆమెకి ఒళ్ళుమంటగా ఉండేది. పిలిస్తేగానీ రాడా, ఇదేం పెద్దమనిషి అని. ఏళ్ళు గడిచి మంట చల్లారాక అద్దం బెంగ పట్టుకుంది. తల నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. అవతల వాడు ఇంకా పాతికేళ్ళ కుర్రాడిగానే ఉంటే? తలుపు తీసుకుని వచ్చి, "పెద్దమ్మా, ఇక్కడ ఒక అమ్మాయి ఉండాలి, చూశారా?" అని అడిగితే? పోస్టుమాన్ రిటైరై ఊరికి తిరిగొచ్చాక కూడా ఆమె ఆ ఊసెత్తలేదు. టీ పెట్టడం దాకా చాలనుకుంది.

ఈ మధ్య మేనకోడలికి కొత్త పిచ్చి పట్టింది. హాలు మొదటిరోజుల కబుర్లు పెద్దవాళ్ళ నోటే చెప్పించి, రికార్డు చేసి, కొత్త నాటకానికి ముందు జనానికి వినిపించాలట. ఒక్కొక్కరి ఇంటికీ తిరిగింది. అందరూ అయ్యాక అత్త దగ్గరికొచ్చింది.

"నాకేం గుర్తులేదు, పోవే."

"ఆయన టీలో చక్కెర ఎంతో మాత్రం గుర్తుంటుంది."

అత్త సూది చూపించి బెదిరించింది.

ఆ సాయంత్రం మేనకోడలు కబుర్లన్నీ వరసగా అతికించి, సౌండు ఎలా ఉందో చూద్దామని ఖాళీ హాల్లో పెట్టింది. అత్త ముందు వరసలో అంచు కుడుతోంది, బాబాయి వెనక బెంచీ మీద కునుకు తీస్తున్నాడు. వడ్రంగి గొంతు వచ్చింది. తలుపుకి వాడిన చెక్క గురించి చాలాసేపు గొప్పలు చెప్పి, ఆనాటి నాటకంలో తన మాట అన్నాడు: "నీళ్ళకెళ్ళిన అల్లుడు బావి తవ్వుతున్నాడా ఏంటి?" వెంటనే పోస్టుమాన్ గొంతు: "ఉత్తరం వచ్చిందండీ. పెళ్ళికొడుకు చేతికే ఇమ్మన్నారు."

తర్వాత ఏమీ లేదు. స్పీకరు బుస్సుమంటోంది.

అత్త సూది ఆగిపోయింది. తలుపు అవతల గొంతు సవరింపూ ఆగిపోయింది. ఎవరో చెప్పులు సర్దుకుని నిటారుగా నిలబడిన చప్పుడు.

బాబాయి లేచి కూర్చున్నాడు గానీ మాట అందించలేదు. మేనకోడలు చప్పున వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"నన్ను గుర్తుపట్టకపోతేనో?" అంది అత్త, చాలా చిన్నగా.

"ఇన్నేళ్ళూ టీ ఎవరు పెడుతున్నారో తెలియకుండానే తాగాడంటావా, అత్తా?"

అత్త కళ్ళజోడు తీసింది, తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది. లేచి స్టేజీ ఎక్కి, నాటకంలో చెప్పినట్టు కాకుండా, ఇంట్లో అన్నట్టు, కాస్త విసుగ్గా అంది:

"మంచినీళ్ళకెళ్ళిన మనిషి ఇంకా రాలేదేం?"

తలుపు తెరుచుకుంది. మంచినీళ్ళ గ్లాసు తొణక్కుండా పట్టుకుని ఆయన వచ్చాడు. తల ముగ్గుబుట్ట. నడుం కొంచెం వంగింది. అతికించిన మీసం ఒక్కటే నల్లగా నిగనిగలాడుతోంది. ఇక్కడ గడిచిన ఏళ్ళన్నీ అక్కడా గడిచాయన్నమాట, ఒక్కటీ తప్పిపోకుండా.

అత్త అలా చూస్తూ ఉండి, పకపకా నవ్వేసింది. చెయ్యి చాచి ఆ మీసం పీకేసింది. కింద ఉన్నదీ తెల్లగానే ఉంది. అప్పుడు గ్లాసు అందుకుని నీళ్ళన్నీ గటగటా తాగింది.

తర్వాతి మాట కోసం ఆయన బాబాయి వైపు చూశాడు. బాబాయి ఖాళీ చేతులు తిప్పి చూపించాడు.

"చీకటి పడితే నాకు చూపు ఆనదు. ఇంటిదాకా దిగబెట్టు," అంది అత్త.

"దిగబెట్టి?"

"ముందు నడువు."

అలవాటు కొద్దీ ఆయన మళ్ళీ ఆ తలుపు వైపే తిరిగాడు. అత్త మోచెయ్యి పట్టుకుని ఇటు తిప్పి, మెట్లు దింపి, కుర్చీల మధ్యనుంచి వీధిలోకి తీసుకుపోయింది.