కుడివైపు నుంచి రండి

ఆ రోజు పది గంటలకు పెంకిగాడికి విత్తులు తీసేస్తారు. తినకుండానే లాయానికి వెళ్లిపోదామనుకున్నాను. అయినా మా అక్క కదలనివ్వకుండా అన్నం పెడుతోంది.

పెంకిగాడు నేను చూసుకునే పందెం గుర్రం. వాడి తండ్రికి ఓటమంటే తెలియదు. వీడూ అలాగే పరిగెత్తేవాడు, పరిగెత్తనిస్తే. జాకీ ఎక్కబోతే తన్నాడు, గేటు దగ్గర ఇద్దరిని కరిచాడు. పందేల నుంచి తీసేశారు. పోనీ గుర్రప్పిల్లల్ని పుట్టించే స్టడ్ ఫారానికి ఇద్దామంటే, "కరిచే గుణం పిల్లలకూ వస్తుంది, మాకొద్దు" అని వాళ్లు ముఖం మీదే చెప్పారు. ఇక విత్తులు తీస్తే కోపం చల్లారుతుంది, మళ్లీ పందెంలో దింపవచ్చని ట్రైనర్ ఆలోచన. నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను వాడు ఒక్కసారి కూడా కరవలేదు. అదంతా నా చేతి చలవేనని మూడేళ్లుగా లాయమంతా డప్పు కొట్టుకున్నాను.

"కాస్త అటు జరుగు తల్లీ, నీ మోచెయ్యి నా డొక్కలో దిగుతోంది," అంది అక్క. "పుర్రచేతి దానివి, నీ పక్కన కూర్చుని తినడం నా వల్ల కాదు. ఆ గుర్రం నిన్నెలా భరిస్తోందో!"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అందరూ గుర్రానికి ఎడమ పక్కన నిలబడతారు. పగ్గం పట్టినా, జీను వేసినా, ఎక్కినా అటునుంచే. నేను మాత్రం నా ఎడమ చేతికి వీలని మొదటి రోజు నుంచీ వాడి కుడి పక్కనే నిలబడ్డాను. పొద్దున్నే స్వారీ చేసేదీ నేనే. ట్రైనర్ చూపెప్పుడూ గడియారం మీదే, నేను ఏ పక్క నుంచి ఎక్కుతున్నానో చూడలేదు. పెంకిగాడి లెక్కలో మనుషులు కుడివైపు నుంచి వస్తారు, ఎడమ నుంచి వచ్చేవాళ్లు దొంగలు. వాడిని చెడగొట్టింది నేనే.

చెయ్యి కడుక్కోకుండానే లాయానికి పరిగెత్తాను.

గుర్రాల డాక్టరు సూదితో ఎడమవైపు నుంచి వెళ్తున్నాడు. పెంకిగాడు చెవులు వెనక్కి వాల్చి పళ్లు బయటపెట్టాడు. నేను మధ్యలో దూరాను.

"డాక్టరు గారూ, సూది పక్కన పెట్టి కుడివైపు నుంచి రండి. ఒక్కసారి!"

"అడ్డు తప్పుకో," అన్నాడు ట్రైనర్.

"తప్పుకోను సార్. ముందు ఆ సూదేదో నాకు పొడవమనండి."

డాక్టరు నవ్వాపుకుంటూ అటు తిరిగి వెళ్లాడు. పెంకిగాడు మెడ వంచి ఆయన జేబు వాసన చూశాడు. ఆయన పగ్గం పట్టి రెండు చుట్లు తిప్పాడు. వాడు బుద్ధిగా నడిచాడు.

"ఇది గుణం కాదండీ, అలవాటు. అలవాటు పిల్లలకి రాదు. నేను కొయ్యను," అన్నాడు డాక్టరు.

ట్రైనర్ ముఖం కందగడ్డ అయింది. "అంటే నా గుర్రాన్ని పాడుచేసింది నువ్వన్నమాట!"

"నేనే. తెలియక చేశాను. నా తప్పుకి వాడిని కోస్తారా?"

"రేపటి నుంచి ఇటు రాకు."

పగ్గం అందుకుని పెంకిగాడి కుడి పక్కన నిలబడ్డాను. "రాను సార్. వాడు మాత్రం పుట్టినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే బయటికెళ్తాడు."

ఆఫీసు బల్ల మీద స్టడ్ ఫారం వాళ్లు తిప్పి పంపిన కాగితం ఇంకా ఉంది. 'స్వభావం' అన్న చోట ట్రైనర్ 'ప్రమాదకరం' అని రాసి పెట్టాడు. డాక్టరు తన పెన్ను నాకిచ్చాడు.

"మీరు రాయండమ్మా, నేను కింద సంతకం పెడతాను."

ట్రైనర్ చూస్తుండగా ఆ మాట కొట్టేసి, ఎడమ చేత్తో రాశాను: 'మంచివాడు. కుడివైపు నుంచి రండి. అలా నేర్పింది నేను.'