పేరు పంపని పాట

టీ వడపోసే జాలీ ఎక్కడ పెట్టాలన్న దాని మీద పొద్దున్నే అత్తయ్యకీ నాకూ మాటామాటా పెరిగింది.

"నా చెయ్యి పడితే చాలు, నీకు వంకే కనిపిస్తుందమ్మా," అందావిడ.

ఆ కోపంతోనే వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా ఆయన నడిపే నెట్ రేడియోలో పాట మారినప్పుడల్లా పాడినవాళ్ల పేరు సర్వర్‌కి పంపేది నేనే. పంపకపోతే వినేవాళ్ల ఫోన్లలో పాత పేరే ఉండిపోతుంది. ఆ రోజు అత్తయ్య పాడిన పాట మొదటిసారి వచ్చింది. నేను కావాలనే పేరు పంపలేదు.

పాట అయ్యేదాకా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది. తెర మీద అంతకు ముందు పాడినామె పేరే ఉంది. ఇంతలో ఆవిడ స్నేహితురాలు ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆ మాటలు నాకూ వినిపించాయి.

"ఆవిడెవరోగానీ ఈ రెండో పాట కూడా బాగా పాడిందే. నీ పాటెప్పుడు?"

"ఇంకో రోజు వేస్తారేమోనే," అంది అత్తయ్య. నావైపు చూడలేదు.

భోజనాల దగ్గర మా ఆయన, "సర్వర్ మొరాయించినట్టుందమ్మా," అన్నాడు.

"సర్వర్ కాదు, తప్పు నాదే," అన్నాను. "రేపు మొదటి పాట అత్తయ్యదే వెయ్యండి. పేరు ఆవిడే తన చేత్తో పంపుతుంది."