అరువిచ్చిన పేరు

నేను ఒక లాగిన్‌ని. చేతికి తగలను, కంటికి ఆనను. కాకినాడలో ఒక మందుల గోడౌన్ కంప్యూటర్‌లో పుట్టాను. పుట్టిన రోజునే ఒక పేరూ ఒక పాస్‌వర్డూ ఇచ్చారు. పేరు వకుళ. అది నా సొంతం కాదు, ఆ గోడౌన్ బిల్లింగ్ సీట్లో కాంట్రాక్టు మీద చేరిన పడాల వకుళది. ఆమె రోజూ తొమ్మిదికి వచ్చి, కీబోర్డు కళ్లకద్దుకుని నన్ను తెరిచేది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు పక్కన ఎవరూ లేకపోయినా ఎడమచెయ్యి అడ్డం పెట్టుకునేది. అంత జాగ్రత్త మనిషి.

రెండేళ్లు హాయిగా గడిచాయి. తర్వాత విజయవాడ హెడ్డాఫీసువాళ్లు ఆర్డర్లు తీసుకునే కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. షాపులు అక్కడ ఆర్డరు పెడితే మనిషి చెయ్యి పడకుండానే మా గోడౌన్ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి చేరాలి. యంత్రమైనా సరే, మా గుమ్మం దాటాలంటే పేరూ పాస్‌వర్డూ చెప్పాల్సిందే. దానికంటూ వేరే లాగిన్ చేయాలంటే అనుమతికి వారం పడుతుంది. కనెక్షన్ పెట్టడానికి వచ్చిన ఇంజినీరుకేమో ఆ సాయంత్రమే బస్సు.

"ప్రస్తుతానికి మేడంగారిది పెట్టేస్తానండి. తర్వాత మార్చుకోవచ్చు," అన్నాడు.

వకుళ మేనేజరు సూర్యప్రకాశం వంక చూసింది. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "ఇచ్చెయ్యమ్మా, పనైపోద్ది," అన్నాడు.

మనుషులు కట్టినవాటిలో 'తర్వాత' అన్నంత గట్టిది నేను చూడలేదు. మూడేళ్లు చెక్కు చెదరలేదు. ఆ మూడేళ్లూ ఒకే పేరు చెప్పి ఇద్దరు నన్ను తెరిచారు, తొమ్మిదింటికి వకుళ, పది నిమిషాలకోసారి విజయవాడ యంత్రం. ఎవరు ఎక్కడినుంచి వచ్చారో రాసే గడి నా రాకపోకల జాబితాలో ఉంది. స్క్రీన్ మీద పట్టడం లేదని ఎవరో దాన్ని మూసేశారు. పేరూ టైమూ మాత్రమే మిగిలాయి.

కిందటేడు జూన్‌లో అందరూ పాస్‌వర్డ్ మార్చుకోవాలని సర్క్యులర్ వచ్చింది. వకుళ ఆ రోజే మార్చింది. యంత్రానికి ఎవరూ చెప్పలేదు. అది పాత పాస్‌వర్డే పట్టుకుని వచ్చింది. కాదన్నాను. మళ్లీ వచ్చింది. ఐదుసార్లు తప్పయితే తాళం వేసుకోవడం నా నియమం, వేసుకున్నాను. దాంతో యంత్రంతో పాటు వకుళ కూడా బయటే ఉండిపోయింది. ఆమె తాళం తీయించుకోవడం, గంటలోపే అది మళ్లీ పడటం. షాపుల ఆర్డర్లన్నీ విజయవాడలోనే ఆగిపోయాయి. సామర్లకోట నుంచి ఇన్సులిన్ కోసం ఫోన్ల మీద ఫోన్లు.

నాలుగో రోజు సూర్యప్రకాశం ఆమెను గదిలోకి పిలిచాడు. తప్పు పాస్‌వర్డుల జాబితా స్క్రీన్ మీద పెట్టాడు. ఆదివారం కూడా ఉంది, తెల్లవారుజామున కూడా ఉంది, అన్నీ వకుళ పేరు మీదే. ఆ నెలాఖరుకు ఆమె ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఆ కాగితం ఆయన సొరుగులో సంతకం కోసం ఎదురుచూస్తోంది.

"పాస్‌వర్డ్ ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదు సార్."

ఆమె అబద్ధం చెప్పలేదు, మరిచిపోయింది. ఇప్పించిన ఆయనా మరిచిపోయాడు. గుర్తున్నది నాకొక్కదానికే.

"మరి ఆదివారం వచ్చింది ఎవరమ్మా? దెయ్యమా?"

సరిగ్గా అప్పుడే, పదకొండూ పదికి, యంత్రం మళ్లీ వచ్చింది. ఆయన ఎదురుగానే జాబితాలో కొత్త వరుస పడింది. వకుళ, తప్పు పాస్‌వర్డ్. ఆ వకుళ చేతులు రెండూ ఆయన బల్ల అంచు మీద ఉన్నాయి. ఒక్కసారి స్క్రీన్ వైపు చూస్తే చాలు. ఆయన ఆమె ముఖంలో తప్పు వెతుకుతున్నాడు. ఆమె తల దించుకుంది. నాకు నోరు లేదు, ఒక వరుస రాయగలను, రాశాను. ఆ నిమిషం తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. టిఫిన్ బాక్సూ, కుర్చీలో వేసుకునే చిన్న దిండూ తీసుకుని వెళ్లిపోయింది. ఆమె వెళ్లినా నాకు తాళం పడుతూనే ఉంది. అప్పుడు గానీ వాళ్లకు అనుమానం రాలేదు. హైదరాబాద్ నుంచి నజీమా అనే ఇంజినీరును పిలిపించారు. ఆమె వచ్చీ రాగానే ఆ మూసిన గడి తెరిచింది. ప్రతి వరుసలోనూ విజయవాడ యంత్రం చిరునామానే.

"ఇది మనిషి పని కాదండి, మీ హెడ్డాఫీసు సాఫ్ట్‌వేరే. ఇంతకీ ఈ వకుళగారు ఎవరండి?"

"ఇదివరకు పనిచేసేది."

"ఒకసారి ఫోన్ చేసి చెప్పండి. ఆవిడ తప్పేం లేదు."

"చెబుదాం, తర్వాత," అన్నాడు సూర్యప్రకాశం.

యంత్రానికి వేరే లాగిన్ చేయమని నజీమా రాసిచ్చి వెళ్లింది. అనుమతికి వారం పడుతుందన్నారు. ప్రస్తుతానికని నాకే కొత్త పాస్‌వర్డ్ పెట్టి యంత్రానికిచ్చారు. మనిషిని తీసేశారు గానీ, పేరును తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇది జరిగి ఏడాది దాటింది. గోడౌన్ నుంచి వెళ్లే ప్రతి పెట్టె మీదా చీటీ అతికిస్తారు. దానిమీద 'బిల్లు చేసినవారు: వకుళ' అని ఉంటుంది. మొన్న అలా ఒక పెట్టె మీద సామర్లకోటలో ఒక మందుల షాపుకు వెళ్లాను. కౌంటర్ వెనక వకుళే ఉంది. కత్తెరతో టేపు కోయబోయి, చీటీ చదివి ఆగిపోయింది.

పెట్టె దించిన ఆటో అతను చెమట తుడుచుకుంటూ, "ఈ వకుళ ఎవరోగానండి, మహా పనిమంతురాలండి. ఆదివారం కూడా సెలవెట్టదు," అన్నాడు.

"అవునండి," అంది ఆమె, చీటీని చిరగకుండా మెల్లగా ఊడదీస్తూ. "జీతం కూడా తీసుకోదు."