తాయిలాల లెక్కలోకి రాని ఎర్ర బకెట్టు

మార్చి నెలాఖరు శుక్రవారం మధ్యాహ్నం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరపు కొసనున్న మా ఊరు బర్చ్ ల్యాండింగ్‌లో రోడ్ల పక్కన మంచు ఇంకా మట్టి కొట్టుకుని కుప్పలుగా పడి ఉంది. పసుప్పచ్చని స్కూలు బస్సు ఒక్కో మలుపు దగ్గర ఆగుతోంది. తలుపు తెరుచుకుంటోంది, పిల్లలు దిగుతున్నారు. దిగేముందు ప్రతి ఒక్కరూ డ్రైవరు సీటు పక్కనున్న ఎర్ర బకెట్టులో చెయ్యి పెట్టి ఒక చాక్లెట్టు తీసుకుంటున్నారు.

"ఒక్కటే తీసుకో మైలో. ఆ రెండో చెయ్యి నాకు కనిపిస్తూనే ఉంది!"

"థాంక్యూ మిస్ ట్రీనా!"

"సోమవారం కలుద్దాం. టోపీ పెట్టుకోరా, చెవులు ఊడి కింద పడతాయి."

చూడముచ్చటగా ఉంది కదా? ట్రీనా హాల్వర్సన్ పదకొండేళ్లుగా ఆ బస్సు నడుపుతోంది. పిల్లలకి ఆమె అంటే ప్రాణం. ఇందులో తప్పు పట్టడానికేముందని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అందుకే ఈ కథ చెప్పాల్సి వస్తోంది.

ఆ బకెట్టు రావడానికి ఒక కారణం ఉంది. బస్సు వెళ్లే దారిలో రైలు పట్టాలున్నాయి. అక్కడ స్కూలు బస్సు విధిగా ఆగాలి. డ్రైవరు తలుపు, కిటికీ తెరిచి రైలు వస్తోందేమో చెవి పెట్టి వినాలి. అంతసేపూ పిల్లలు నోరు మెదపకూడదు. రెండేళ్ల కిందట చలికాలంలో ఒకరోజు పిల్లల గోలలో ట్రీనాకి రైలు కూత వినబడలేదు. ఎర్రదీపాలు వెలగబట్టి సరిపోయింది గానీ ఆమెకి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ వారమే బకెట్టు కొనుక్కొచ్చింది. వారమంతా పట్టాల దగ్గర మాట్లాడకుండా ఉంటే శుక్రవారం తలా ఒక చాక్లెట్టు. ఆమె లెక్కలో అది తాయిలం కాదు, జాగ్రత్త.

ఆ శుక్రవారం ట్రీనా కొంచెం తొందరలో ఉంది. చలికాలమంతా మూసి ఉన్న లవోన్ ఐస్‌క్రీమ్ కొట్టు ఆరోజే తెరుస్తారు. ట్రీనా చిన్నప్పుడు కాగితం మిల్లులో పనిచేసే వాళ్ల నాన్న, షిఫ్టు దిగి తిన్నగా బడికొచ్చి, ఏటా ఆ తొలిరోజున ఆమెని అక్కడికి తీసుకెళ్లేవాడు. ఏడాది మొత్తానికి ఆమెకి బజారులో కొనిచ్చే ఐస్‌క్రీమ్ అదొక్కటే. వారం ముందునుంచీ నిద్రపట్టేది కాదట. కూతురు డెల్లా పుట్టాక ముగ్గురూ కలిసి వెళ్లేవారు. పోయిన అక్టోబరులో ఆయన పోయాడు. ఇది ఆయన లేని మొదటి ఏడు.

కొట్టు కిటికీ ముందు ఊరు సగం కోట్లు తొడుక్కుని నిలబడి ఉంది. డెబ్బై దాటిన లవోన్ లోపలినుంచి తల బయటపెట్టింది.

"వచ్చావా అమ్మాయ్! మీ నాన్న నిలబడే చోటే నిలబడ్డావు. ఏం డెల్లా, ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంక పెద్ద కోనేనా?"

ట్రీనా డబ్బులిచ్చింది. కోన్ అందుకుని కూతురి చేతిలో పెట్టి, పిల్ల మొహం వంక ఆశగా చూసింది.

డెల్లా రెండుసార్లు నాకింది. కోన్ తిరిగిచ్చేసింది.

"నువ్వు తినెయ్యమ్మా."

"అదేమిటే? బాగాలేదా?"

"బాగానే ఉంది. రోజూ ఏదో ఒకటి తింటూనే ఉన్నాంగా. ఇంటికెళ్దామా? చలేస్తోంది."

ఆ మాటలో పొగరు లేదు, అలక లేదు. అందుకే ట్రీనాకి అంత గట్టిగా తగిలింది. కూతురి చెయ్యి పట్టుకుని కారు దాకా ఈడ్చుకెళ్లి చడామడా తిట్టింది. "మీ తాత నన్ను ఏడాదికి ఒక్కసారి తీసుకొచ్చేవాడు తెలుసా? ఒక్కసారి! నీకేమో లెక్కే లేదు!" డెల్లా ఏడ్చింది. కోన్ కరిగి ట్రీనా చేతి తొడుగు మీదుగా మోచేతి దాకా కారింది. అలాగే ఇద్దరూ ఇల్లు చేరారు.

మర్నాడు పొద్దున బట్టలు ఉతకడానికి వేస్తూ ట్రీనా డెల్లా కోటు జేబులు తడిమింది. చేతికి జిగటగా చాక్లెట్టు కాగితాలు తగిలాయి. తీసేకొద్దీ వచ్చాయి. వాటన్నిటినీ వంటింటి బల్ల మీద పరిచి కూతుర్ని పిలిచింది.

"ఇదెవరిచ్చారు?"

"బ్యాంకులో. మనం కారు దిగకుండా బ్యాంకు కిటికీ దగ్గర ఆగితే, డబ్బులొచ్చే ఆ గాలి గొట్టంలో పంపిస్తారుగా. కారులో కుక్క ఉంటే దానికి కూడా బిస్కట్టు పంపిస్తారు."

"ఇది?"

"మిసెస్ ప్రూయిట్. క్లాసులో స్పెల్లింగు తప్పు రాయకపోతే ఇస్తారు."

"ఇన్నా?"

"నాకు స్పెల్లింగు బాగా వచ్చమ్మా," అంది డెల్లా బిక్కమొహంతో.

ఇది ఆదివారం బైబిలు క్లాసులో వాక్యం అప్పజెప్పినందుకు. ఇది జుట్టు కత్తిరించేటప్పుడు కదలకుండా కూర్చున్నందుకు. ఇది ఎవరిదో పుట్టినరోజు. ఇది పుస్తకాలు సమయానికి తిరిగిచ్చినందుకు లైబ్రరీలో. ట్రీనాకి అరికాలి మంట నెత్తికెక్కింది. కన్నతల్లిని నేనుండగా నా బిడ్డకి ఎప్పుడు నోరు తీపి చెయ్యాలో ఊరంతా కలిసి నిర్ణయించేస్తే, ఇంక నేనేం పెట్టేది? ఏడాదంతా దాచుకున్న ఆ ఒక్కరోజునీ వీళ్లు దోచుకుపోయారే!

ఆ కాగితాల్లో ఎర్రచారలది ఒకటుంది. అది తన బకెట్టులోదే. ట్రీనా దాన్ని చూసింది. చూసి, మిగతావాటితో కలపకుండా పక్కకి నెట్టింది. డెల్లా ఆ నెట్టడం గమనించి తల దించుకుంది. అమ్మ అప్పటికే కోపంగా ఉంది.

సోమవారం పొద్దున పిల్లల్ని దింపగానే ట్రీనా తిన్నగా మిసెస్ ప్రూయిట్ క్లాసుకి వెళ్లింది. ఆవిడ ఇరవై ఆరేళ్లుగా రెండో తరగతి చెబుతోంది. బోర్డు తుడుస్తూ అంతా విన్నది.

"నావి తాయిలాలు కావు ట్రీనా. ప్రోత్సాహకాలు."

"పేరు మారిస్తే పంచదార తగ్గుతుందా?"

"తగ్గదులే. కానీ ముప్ఫైమంది పిల్లల్ని కూర్చోబెట్టి రాయించడమంటే ఏమిటో నీకు..."

"నాకు తెలీదా? నలభైమందిని వెనక పెట్టుకుని బస్సు నడుపుతున్నాను!"

మిసెస్ ప్రూయిట్ డస్టరు కింద పెట్టింది. ఇప్పుడు ఆవిడకీ కోపం వచ్చింది.

"సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. శుక్రవారం రెండు దాటితే నా క్లాసులో ఒక్కళ్లు కుదురుగా కూర్చోరు. 'బకెట్టు, బకెట్టు' అని ఒకటే జపం. మొన్న టెస్సాని కుర్చీ లోపలికి నెట్టమన్నాను. ఏమందో తెలుసా? 'నెడితే ఏమిస్తారు?' అంది. అలా అడగడం ఎవరు నేర్పారే అంటే, 'బస్సులో అంతేగా' అంది."

"అది వేరండీ. అది రైలు సంగతి. ప్రాణాల సంగతి."

"నాదీ వేరే. చదువు సంగతి. బ్యాంకు వాళ్లని అడుగు, మర్యాద అంటారు. చర్చిలో అడుగు, భక్తి అంటారు. అందరిదీ వేరేనమ్మా. తాయిలం పెడుతున్నది మాత్రం ఎవరూ కాదు!"

ట్రీనా విసురుగా బయటికొచ్చేసింది. ఖాళీ బస్సెక్కి కూర్చుంది. పక్కన ఎర్ర బకెట్టు, శుక్రవారం పంచగా మిగిలినవి అడుగున ఉన్నాయి. బల్ల మీద పక్కకి నెట్టిన కాగితం గుర్తొచ్చింది. తన ఒక్క బిడ్డకి పది చేతులు పెడుతున్నాయని ఏడ్చింది. మరి ఈ నలభైమందిలో ఒక్కొక్కరికీ ఒక తల్లి ఉంది. వాళ్ల ఇళ్లల్లో ఏ రోజు దాచుకున్నారో, ఏ కోన్ తిరిగొచ్చిందో! సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. బకెట్టు తీసుకెళ్లి గ్యారేజీలో పెట్టి, దాన్నిండా మంచు కరగడానికి రోడ్డు మీద జల్లే ఉప్పు పోసింది.

తర్వాతి శుక్రవారం ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు. పిల్లలు బస్సెక్కుతూనే చూసేశారు.

"బకెట్టేదీ?"

"లేదు. ఇక ఉండదు."

"మేం వారమంతా నోరు మూసుకున్నాం! ఇది అన్యాయం!"

ఆ మాటలో న్యాయం ఉందని ట్రీనాకి తెలుసు. అయినా బస్సు బయల్దేరింది. పట్టాల దగ్గరికి వచ్చేసరికి బూట్లతో సీట్లు తన్నుతూ నలభై గొంతులూ ఒక్కటయ్యాయి. "బకెట్టు! బకెట్టు!" ట్రీనా బస్సాపి తలుపు తీసింది. ఏమీ వినబడలేదు. ఇంజను ఆపేసింది. వెనక కార్లు బారులు తీరాయి.

"మీరు ఆపేదాకా బస్సు కదలదు."

"ఆపితే ఏమిస్తావు?" అని అరిచింది టెస్సా.

"ఏమీ ఇవ్వను. ఇంటికి తీసుకెళ్తాను."

"అంతేనా?"

"అంతే!"

అయిదు నిమిషాలు గడిచాయి. ఎనిమిది గడిచాయి. వెనక ఎవరో హారను మోగించారు. ట్రీనా తాళం తిప్పలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండేళ్లుగా తను వీళ్ల మౌనాన్ని బేరమాడి కొనుక్కుంది. ఇప్పుడు ఇచ్చేదేమీ లేకపోతే రైలు కూడా వాళ్లకి లెక్కలేదు. తాను కొనుక్కొచ్చిన జాగ్రత్త ఇది!

చివరికి పిల్లలు అలిసిపోయి ఆపారు. బుద్ధొచ్చి కాదు, విసుగొచ్చి. తెరిచిన తలుపులోంచి మంచు కరిగి కాలవలోకి కారుతున్న చప్పుడు వినబడింది. ఆ వెనకే, చిత్తడి నేల అవతలినుంచి ఏదో గరగరమని పెద్ద అరుపు.

"అదేంటి?" అన్నాడు మైలో గుసగుసగా.

"కొంగలు. దక్షిణాన్నించి తిరిగొచ్చేశాయి."

పిల్లలు కిటికీల దగ్గరికి జరిగారు. ఎవరూ మాట్లాడలేదు. రైలు లేదని తేలాక ట్రీనా బస్సు దాటించింది.

దాంతో కథ సుఖంగా ముగిసిందనుకునేరు! ఆ సాయంత్రమే బస్సుల ఆఫీసుకి ఏడు ఫోన్లు వచ్చాయి. "పసిపిల్లల నోటి దగ్గరిది లాక్కోవడానికి ఆవిడకి మనసెలా వచ్చింది?" అని ఒక తండ్రి. "పిసినారితనం" అని ఒక తల్లి. పై అధికారి పిలిచి, "ఎందుకొచ్చిన గొడవ ట్రీనా, తలా ఒకటి పడేస్తే పోయేదానికి?" అన్నాడు. ఆమె పడెయ్యలేదు. నెల రోజులు పట్టాల దగ్గర ప్రతిసారీ ఇంజను ఆపింది, ఆలస్యానికి ప్రతిసారీ తిట్లు తిన్నది. మిసెస్ ప్రూయిట్ స్పెల్లింగు చాక్లెట్లు మానేసి పిల్లలు చక్కగా రాసిన కాగితాలు గోడకి అంటించడం మొదలుపెట్టింది. చర్చిలో మానలేదు. జుట్టు కత్తిరించేచోట నవ్వి ఊరుకున్నారు.

బ్యాంకులో ఏమైందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ గాలి గొట్టం ఇవతల కూర్చునేది నేనే. "మా అమ్మాయికి పంపకండి" అని ట్రీనా మైకులో చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది. పంతొమ్మిదేళ్లుగా ప్రేమగా పంపుతున్నాను, నాదీ ఒక తప్పేనా అనుకున్నాను. కారు కదిలిపోయాక గొట్టం పక్కనున్న డబ్బా వంక చూశాను. అది పిల్లల మీద ప్రేమ కాదు. తల్లి చెక్కు మార్చుకునేదాకా పిల్ల వెనక సీట్లో గొడవ చెయ్యకుండా ఉండటానికి. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు.

మే నెలలో ఒక మంగళవారం, భోజనాల బల్ల దగ్గర డెల్లా హఠాత్తుగా అడిగింది.

"అమ్మా, లవోన్ కొట్టుకి మళ్లీ ఎప్పుడెళ్తాం?"

ట్రీనా చేతిలో గరిటె ఆగిపోయింది. వెంటనే కారు తాళాలు తీసుకోబోయింది. అలవాటు అంత తొందరగా పోదు కదా. మళ్లీ తమాయించుకుంది.

"బడి ఆఖరిరోజున."

"అమ్మో! ఇంకా పదహారు రోజులు!"

"అవును. పదహారు."

డెల్లా మూతి ముడుచుకుంది, బతిమాలింది, కాళ్లు నేలకేసి కొట్టింది. ఆ తర్వాత క్యాలెండరు దగ్గరికి కుర్చీ లాక్కుని ఎక్కి, ఆఖరిరోజు చుట్టూ ఎర్ర క్రేయానుతో సున్నా చుట్టింది. రోజూ పొద్దున్నే ఒక గడి కొట్టేసేది. ఏ రుచి తీసుకోవాలో స్నానం చేస్తూ మాట్లాడేది, పడుకునేముందు మార్చేసుకునేది. తాత ఏ రుచి తినేవాడని మూడుసార్లు అడిగింది. తల్లీకూతుళ్లు ఆ పదహారు రోజులూ ఆయన గురించి మాట్లాడుకున్నంతగా, ఆయన పోయాక ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆఖరిరోజున కోన్ అందుకున్న డెల్లా మోచేతి దాకా కార్చుకుంటూ, అడుగున మిగిలిన పొడి కూడా అరచేతిలో పోసుకుని తినేసింది. లవోన్ కిటికీ మీద మోచేతులానించి చూస్తోంది. వరసలో వెనక నేనూ ఉన్నాను.

"చూశావా ట్రీనా," అంది ఆ పెద్దావిడ. "మా కొడుకు పోరుతుంటాడు, చలికాలం కూడా తెరువమ్మా, కొనేవాళ్లు కొంటారు అని. తెరవను. అయిదు నెలలు మూస్తాను కాబట్టే ఇది ఐస్‌క్రీమ్. ఏడాదంతా తెరిస్తే చల్లటి పాలే."

అమ్మలారా, అయ్యలారా, టీచర్లారా, నాలాంటి కౌంటర్ల వెనకవాళ్లారా! ఈసారి ఏ పిల్ల చేతిలోనైనా తీపి పెట్టేముందు, దానికి ఏ పేరు పెట్టుకున్నా సరే, ఆ బిడ్డ ఎదురుచూడటానికి ఇంకేమైనా మిగిలిందో లేదో ఒక్కసారి చూసుకోండి.